మీ క్రోషే డిజైన్‌ను మీ పేరుతో ప్యాటర్న్‌గా రాసి అమ్ముకోవడం ఎలా?

నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో లేసు డిజైన్ అంటే ఒక ముక్క. ఏజెంటు శాంపిల్ ముక్క తెచ్చి ఇస్తాడు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు దాన్ని వెలుగుకేసి పట్టుకుని, గళ్లు లెక్కపెట్టుకుని, అచ్చం అలాంటిదే అల్లేస్తారు. కాగితం ఉండదు. ఆ పువ్వు మొదట ఎవరికి తట్టిందో అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. మా అమ్మమ్మ అల్లిన నెమలి గుడ్డ ఒకటి మా ఇంట్లో టీవీ మీద ఏళ్ల తరబడి ఉండేది. శాంపిల్‌లో నెమలి తల బాగాలేదని తనే మార్చిందట. తర్వాత ఆ తలనే ఊళ్లో నలుగురూ అల్లారు. అది ఆమెదని మాత్రం ఎక్కడా రాసిలేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినరోజు నాకు ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే ఆ నెమలి తల గుర్తొచ్చింది.

డిజైన్‌కు మీ పేరు నిలవాలంటే అది ముక్కలో కాదు, కాగితం మీద ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషి ఆ కాగితం చదివి, మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, మీరు అల్లినదే అల్లుకోగలగాలి. అలాంటి కాగితాన్నే ప్యాటర్న్ అంటారు. అది ఎలా చేయాలో నాకు తెలిసినంతవరకూ చెప్తాను. క్రోషే అల్లడం మీకు వచ్చు అనుకునే రాస్తున్నాను. మాటిమాటికీ ఉదాహరణ మార్చకుండా మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే తీసుకుందాం: చుక్కల ముగ్గులోని తామరపువ్వుని ఫిలే పద్ధతిలో (ఖాళీ గళ్లు, నిండు గళ్లతో బొమ్మ తెచ్చే అల్లిక) అల్లిన చిన్న బల్ల గుడ్డ.

మొదటి డిజైన్‌ని చిన్నదిగా, గళ్ల మీద నిలిచేదిగా ఎంచుకోండి

మొదటి ప్యాటర్న్‌కి స్వెట్టరో పిల్లల గౌనో పెట్టుకోవద్దు. ఒంటికి వేసుకునేదైతే ఒక్కో సైజుకు ఒక్కో లెక్క రాయాలి, ఒక్కో సైజూ ఎవరో ఒకరు అల్లి చూడాలి. కోస్టరు, బల్ల గుడ్డ, సంచి, తోరణం లాంటివి తీసుకోండి.

అందులోనూ ఫిలే నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే అందులో దాపరికం లేదు. ఉన్నవి రెండు రకాల గళ్లే. ఖాళీ గడి అంటే ఒక డబుల్ క్రోషే (అమెరికా పేరు), రెండు చైన్లు, మళ్లీ ఒక డబుల్ క్రోషే. నిండు గడి అంటే ఆ రెండు చైన్ల చోట కూడా డబుల్ క్రోషేలే, మొత్తం నాలుగు. పక్కపక్కన ఉన్న గళ్లకు మధ్యలో ఉండేది ఉమ్మడి గోడ. పాతకాలం వరస ఇళ్లను గుర్తు తెచ్చుకోండి: ఏడు ఇళ్లుంటే గోడలు ఎనిమిదే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం లెక్క వచ్చేసినట్టే.

ముగ్గు ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. అలాగని పుస్తకంలో అచ్చైన ముగ్గును ఉన్నదున్నట్టు గళ్లలోకి దించి మీదని చెప్పుకోవద్దు. వాకిట్లో మీరు వేసే ముగ్గునే, మీ చేతికి అలవాటైన వంపుతో, గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో వేయండి. కంప్యూటర్ ఉంటే గూగుల్ షీట్స్‌లో నిలువు అడ్డం సమానంగా గళ్లు చేసుకుని రంగు నింపుతూ పోవచ్చు. స్టిచ్ ఫిడిల్ అని ఇలాంటి పనికోసమే ఒక వెబ్‌సైటూ ఉంది.

ముగ్గులో ఏటవాలు గీత గళ్లలోకి వచ్చేసరికి మెట్లవుతుంది. తామర రేకు కొన మొండిగా కనిపిస్తుంది. అప్పుడు కొన దగ్గర ఒక్క గడి మాత్రమే నింపి, దాని కింద వరుసలో మూడు, ఆ కింద అయిదు అలా పెంచండి, రేకు పదునుగా వస్తుంది. వెడల్పు బేసి సంఖ్యలో ఉంచండి, మధ్యగీత ఒకటి దొరుకుతుంది. మనం 31 గళ్లు పెట్టుకుందాం. కాగితాన్ని గోడకు అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. దగ్గరనుంచి గళ్లు కనిపిస్తాయి, దూరం నుంచే పువ్వు కనిపిస్తుంది.

చాలామంది తెలుగు అక్షరాలు అల్లాలని సరదా పడతారు. నేనూ పడ్డాను. మన అక్షరాలన్నీ వంపులే, చిన్న గళ్లలో అవి నలిగిపోతాయి. తలకట్టూ వత్తూ రెండూ ఉన్న అక్షరం అయితే ఎత్తు కనీసం ఇరవై గళ్లైనా లేనిదే చదవడానికి రాదు.

అల్లకముందే లెక్క కట్టండి

31 గళ్లకు గోడలు 32. ఒక్కో గడిలో రెండు గోడల మధ్య రెండు కుట్ల చోటు. అంటే వరుసకు 3 × 31 + 1 = 94 కుట్లు. ఈ 94ని కాగితం పైన పెద్దగా రాసుకోండి. మీరు రాసే ప్రతి వరుసా 94 కి తేలాలి.

మొదలుపెట్టే చైన్లకు సూత్రం ఇది. వరుస ఖాళీ గడితో మొదలైతే ప్రతి గడికి 3, చివరి గోడకు 1, మలుపుకు 4. మనకు 93 + 1 + 4 = 98 చైన్లు. మొదటి డబుల్ క్రోషే సూది నుంచి లెక్కపెట్టి 8వ చైన్‌లో పడుతుంది. మిగిలిన 90 చైన్లలో 30 గళ్లు వస్తాయి, మొత్తం 31. వరుస నిండు గడితో మొదలైతే మలుపుకు 2 చాలు: 96 చైన్లు, మొదటి కుట్టు 4వ చైన్‌లో.

తర్వాతి వరుసల్లో ఖాళీ గడితో మొదలైతే 5 చైన్లు వేసి తిప్పాలి (మూడు గోడకు, రెండు పైకప్పుకు). నిండు గడితో మొదలైతే 3 చైన్లు. వరుస చివరి కుట్టు కింది వరుసలోని మలుపు చైన్లలో మూడోదాంట్లో పడాలి. ఈ చివరి మాట ప్యాటర్న్‌లో రాయకపోతే కొత్తవాళ్ల గుడ్డ పక్కకు ఒరిగిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదనిపిస్తుంది. చెప్పండి.

మధ్యలో ఒక వరుసని సరిచూద్దాం: 12 ఖాళీ, 7 నిండు, 12 ఖాళీ. గోడలు 32. ఏడు నిండు గళ్ల కడుపులో ఏడు రెళ్లు 14 డబుల్ క్రోషేలు. అంటే డబుల్ క్రోషేలు 46. ఇరవై నాలుగు ఖాళీ గళ్లలో చైన్లు 48. కలిపితే 94. సరిపోయింది. వరుసగా వచ్చే ఏడు నిండు గళ్లని కుట్లలో చెప్పాలంటే 7 × 3 + 1 = 22 డబుల్ క్రోషేలు. ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఏడు నాలుగులు 28 అని రాసేస్తాం, ఉమ్మడి గోడ మరిచిపోయి.

నమూనా ముక్క అల్లి, ఉతికి, అప్పుడు కొలవండి

10 నంబర్ నూలు దారం, 1.5 మిల్లీమీటర్ల సూది తీసుకున్నారనుకోండి. (దారం నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, 40 కన్నా 20 లావు, 20 కన్నా 10 లావు. స్టీలు సూదుల మీది నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి ప్యాటర్న్‌లో మిల్లీమీటర్లే రాయండి.) కనీసం 15 గళ్లు, 15 వరుసలు అల్లండి. నీళ్లలో తడిపి, పిండి, దిండు మీద గుండుసూదులతో చదునుగా గుచ్చి ఆరబెట్టండి. ఆరాక మధ్యలో 10 గళ్ల వెడల్పు, 10 వరుసల ఎత్తు కొలవండి. అంచుల దగ్గర కొలత నమ్మదగ్గది కాదు.

నాకు ఒకసారి 10 గళ్ల వెడల్పు 5.5 సెంటీమీటర్లు, 10 వరుసల ఎత్తు 5 సెంటీమీటర్లు వచ్చింది. కాగితం మీద గడి చతురస్రం, చేతిలో కాదు. 31 గళ్ల వెడల్పు 17 సెంటీమీటర్లు దాటితే, 31 వరుసల ఎత్తు పదిహేనున్నరే. పువ్వు పైనుంచి ఎవరో అదిమినట్టు కనిపిస్తుంది. సరిచేయడానికి గళ్ల పటంలో రెండు వరుసలు పెంచి 33 చేశాను: పదహారున్నర. మిగతా అర సెంటీమీటరు ఆరబెట్టేటప్పుడు లాగితే వచ్చేస్తుంది. పెంచే వరుసల్ని రేకుల మధ్య భాగంలో చేర్చాలి, కొన దగ్గర చేరిస్తే ఆకారం చెడుతుంది.

ఈ కొలతను ప్యాటర్న్‌లో రాయడం తప్పనిసరి. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. బిగుతుగా వస్తే సూది పెద్దది వాడమని, వదులైతే చిన్నది వాడమని ఒక వాక్యం చేర్చండి.

దారం ఎంత పడుతుందో తూచి చెప్పాలి, ఉజ్జాయింపు పనికిరాదు. గ్రాముల్లో చూపించే చిన్న త్రాసు మీద ఉండని మొదలుపెట్టేముందు, అయ్యాక తూచండి. ఉండ కాగితం మీద 50 గ్రాములు, 280 మీటర్లు అని ఉండి, మీకు 14 గ్రాములు పట్టిందనుకుందాం. 14 ÷ 50 × 280 = 78.4 మీటర్లు. పదో వంతు కలిపి, పైకి సర్ది 90 మీటర్లు అని రాయండి. చివరి వరుసలో దారం చాలకపోతే కలిగే బాధ అల్లేవాళ్లకే తెలుసు.

అల్లుతూనే రాయండి

అల్లేసి, తర్వాత చూసి రాద్దామనుకుంటే జరగదు. చెయ్యి తనంతట తాను సర్దుకుపోతుంది. ఒక గడి తప్పిపోతే పక్క వరుసలో ఎవరికీ కనిపించకుండా కలిపేస్తుంది. చేతికి ఉన్న ఈ తెలివి వల్లే అమ్మమ్మలు కాగితం లేకుండా అల్లగలిగారు, ఈ తెలివి వల్లే రాసేవాళ్లు బోల్తా పడతారు. మీ చెయ్యి సర్దింది కాగితానికి తెలియదు.

పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక వరుస అవ్వగానే రాసి, లెక్క 94 కు తేలిందో లేదో చూసి, అప్పుడే పై వరుసకు వెళ్లండి. తప్పు చేసి విప్పినచోట కూడా ఒక గీత పెట్టుకోండి. మీరు విప్పిన చోటే కొనుక్కున్నవాళ్లూ తడబడతారు, అక్కడ ఒక సూచన వాక్యం కావాలి. గుడ్డ పూర్తయ్యాక పక్కన పెట్టేసి, వారం పోయాక మీరు రాసిందే చదువుతూ రెండోది అల్లండి. గుర్తున్నదాన్ని బట్టి కాదు, రాసినదాన్ని బట్టి. నా మొదటి ప్యాటర్న్‌లో ఈ రెండో గుడ్డ అల్లేటప్పుడు ఒక వరుస మొత్తం రాయడం మరిచిపోయానని తెలిసింది.

ఏ దేశపు డబుల్ క్రోషే?

ఇది చాలా ముఖ్యం. అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ క్రోషేని బ్రిటన్‌వాళ్లు ట్రెబుల్ అంటారు. పేరు ఒకటే, కుట్టు వేరు. మన దగ్గర ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ల మాట వస్తుంది. యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అమెరికా పేర్లు వాడుతున్నారు. పాత ఇంగ్లీషు పుస్తకాలు చూసి నేర్చుకున్న టీచర్ల దగ్గర చదివినవాళ్లు బ్రిటన్ పేర్లు.

నేను మొదట్లో ఈ సంగతి రాయకుండానే తామర ప్యాటర్న్‌ని పరీక్షకు పంపాను. లండన్ దగ్గర ఉండే ఒక తెలుగు అక్కయ్య పూర్తిగా పొట్టి కుట్లతో అల్లి ఫోటో పంపింది. పువ్వు నలిగి అప్పడంలా ఉంది. ఆమె చేసింది ఆమె లెక్కలో సరైనదే. తప్పు నాది. అందుకే మొదటి పేజీలోనే రాయండి: "ఇందులో అమెరికా పేర్లు వాడాను. డబుల్ క్రోషే అంటే: సూదికి ఒకసారి దారం చుట్టి, కుట్టులోకి దింపి, దారం లాగి, రెండేసి ఉచ్చుల చొప్పున రెండుసార్లు దాటించేది." పేరు మారినా వర్ణన మారదు.

తెలుగులో రాసేటప్పుడు పొట్టి గుర్తులకు అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. మీరే ఒక పట్టిక చేసి మొదటి పేజీలో పెట్టండి: చై (చైన్), సిం.క్రో. (సింగిల్ క్రోషే), డ.క్రో. (డబుల్ క్రోషే), స్లి (స్లిప్ స్టిచ్). ఫిలేకి ఖా (ఖాళీ గడి), నిం (నిండు గడి). ఒకసారి పెట్టుకున్న గుర్తుని చివరిదాకా మార్చొద్దు. మీ తర్వాతి ప్యాటర్న్లలోనూ అవే ఉంచండి. నేను ఒక వరుసని ఇలా రాస్తాను:

11వ వరుస: 5 చై, తిప్పండి. 12 ఖా, 7 నిం, 12 ఖా. (94)

బ్రాకెట్లోని సంఖ్య అల్లేవాళ్లకు ఊతం. వరుస చివరికి వచ్చి లెక్కపెట్టుకుని, సరిపోతే ఊపిరి పీల్చుకుంటారు.

మాటలతో పాటు గళ్ల పటం కూడా తప్పక ఇవ్వండి. పటానికి భాషతో పనిలేదు. జపాన్ క్రోషే పుస్తకాల్ని జపనీస్ ఒక్క ముక్క రానివాళ్లు ప్రపంచమంతటా అల్లుకోగలుగుతున్నది వాటిలోని పటాలు చూసే. కాకపోతే పటం ఎటునుంచి చదవాలో చెప్పాలి. మనం పుస్తకం ఎడమనుంచి, పైనుంచి చదువుతాం. గళ్ల పటంలో మొదటి వరుస అట్టడుగున ఉంటుంది, కుడినుంచి ఎడమకు నడుస్తుంది. రెండోది ఎడమనుంచి కుడికి. వరుస సంఖ్యని అది మొదలయ్యే వైపునే వేస్తే చాలావరకు తికమక తీరిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు అంతా తిరగబడుతుంది. తామరకి ఇబ్బంది లేదు, అక్షరాలు అల్లితే అవి అద్దంలో చూసినట్టు వస్తాయి. వాళ్లకోసం ఒక వాక్యం కేటాయించండి.

పేజీలు పేర్చడం

మొదటి పేజీలో పూర్తయిన గుడ్డ ఫోటో, ప్యాటర్న్ పేరు, మీ పేరు. రెండో పేజీలో పూర్తయ్యాక కొలత, దారం రకం, మీటర్లు, సూది, నమూనా కొలత, గుర్తుల పట్టిక, ఎంత అనుభవం ఉంటే అల్లగలరో. ఆ తర్వాత వరుసలు, పటం, అంచు, ఉతికి ఆరబెట్టే పద్ధతి. నాలుగైదు పేజీలకు మించనక్కర్లేదు. ఇంటింటి కథ రాసి పేజీలు నింపితే అల్లేవాళ్లకు విసుగు, ప్రింటు తీసుకుంటే డబ్బు దండగ.

ఫోటోలు పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్కన తీయండి. తెల్ల లేసు కింద ముదురు రంగు గుడ్డ పరవండి, పాత పట్టుచీర కొంగైనా బాగుంటుంది. పూర్తి గుడ్డ ఒకటి, దగ్గరగా కుట్లు కనిపించేది ఒకటి, చేతిలోనో కప్పు కిందో పెట్టి సైజు తెలిసేలా ఒకటి తప్పనిసరి.

తెలుగు టైపు దగ్గర జాగ్రత్త. డీటీపీ షాపుల్లో పాత అను ఫాంట్లతో చేయించొద్దు. కాగితం మీద అందంగానే ఉంటుంది, కానీ పీడీఎఫ్‌లో వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్ ఫాంట్లే వాడండి: మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పీడీఎఫ్ చేశాక ఒకసారి ఫోన్లో తెరిచి వత్తులు విడిపోయాయేమో చూడండి. మనవాళ్లలో చాలామంది ఫోన్ పక్కన పెట్టుకునే అల్లుతారు, అక్షరం అందుకు తగ్గట్టు పెద్దదిగా ఉండాలి. పటం నలుపు తెలుపుల్లోనూ అర్థమయ్యేలా ఉండాలి.

ఇంకొకరి చేతులతో పరీక్షించండి

మీరు పదిసార్లు చూసినా కనిపించని తప్పు, కొత్త మనిషికి మొదటి పది నిమిషాల్లో తగులుతుంది. అయిదారుగురిని అడగండి. అందులో క్రోషే కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఒకరు, పటం మాత్రమే చూసి అల్లేవాళ్లు ఒకరు, మాటలు మాత్రమే చదివేవాళ్లు ఒకరు, దొరికితే ఎడమచేతి వాటం వాళ్లు ఒకరు ఉండాలి. వాట్సాప్ గ్రూపు చాలు. ఈ సైజు గుడ్డకి మూడు నాలుగు వారాలు గడువివ్వండి. ఇంటిపనులు అయ్యాక అల్లుతారు, తొందరపెట్టొద్దు.

"బాగుందా?" అని అడిగితే "చాలా బాగుందమ్మా" అంటారు, మీకు ఒరిగేది లేదు. నేను అడిగేవి ఇవి: ఏ వరుస దగ్గర ఆగి రెండోసారి చదివారు? ఎన్ని గ్రాములు పట్టింది? 10 గళ్లకు మీ కొలత ఎంత? ఎక్కడ విప్పారు? ఇద్దరు ఒకేచోట విప్పితే ఆ వాక్యం తిరగరాయాలి, వాళ్లు ఎంత మర్యాదగా "మా పొరపాటే" అన్నా సరే.

పరీక్షించేవాళ్లకు ఊరికే పని చెప్పొద్దు. చివరి ప్యాటర్న్‌తో పాటు మీ ఇంకో రెండు ప్యాటర్న్లైనా ఇవ్వండి, లోపలి పేజీలో వాళ్లు ఒప్పుకుంటే పేర్లు వేయండి, దారం ఖర్చు మీరు పెట్టుకోగలిగితే పెట్టుకోండి. లేసు పల్లెల్లో ఆడవాళ్ల శ్రమకు ఎంత తక్కువ లెక్కకట్టారో చూసి పెరిగిన నేను, ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్తున్నాను. స్తోమతుంటే లెక్కల్ని వృత్తిగా సరిచూసే టెక్ ఎడిటర్లు ఉన్నారు, డబ్బిచ్చి చేయించుకోండి. స్వెట్టర్లు, సైజులున్న బట్టలైతే వాళ్లు లేకుండా దిగొద్దు.

హక్కులు

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. మీరు రాసిన మాటలు, గీసిన పటం, తీసిన ఫోటోలు రాసిన క్షణం నుంచే మీవి, రిజిస్టరు చేయించకపోయినా సరే. మాటలకూ పటానికీ ఆ హక్కు మీ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. డబుల్ క్రోషే, ఫిలే గడి, తామర అనే ఊహ మాత్రం ఎవరివీ కావు. ఇంకొకరూ తామర అల్లుకోవచ్చు, మీ పటాన్ని కాపీ చేసి అమ్మకూడదు. అదే నియమం మనకీ. పింటరెస్టులో దొరికిన పటాన్ని రెండు గళ్లు మార్చి మన పేరు వేసుకోవడం దొంగతనమే. పిల్లలు అడిగారని సినిమా కార్టూన్ బొమ్మల ప్యాటర్న్లు అమ్మినా చిక్కే.

ప్యాటర్న్ చివర రెండు వాక్యాలు రాయండి: ఈ ఫైలుని పంచొద్దని, దీన్ని చూసి అల్లిన గుడ్డల్ని అమ్ముకోవచ్చా లేదా అని. నేను అమ్ముకోమనే రాస్తాను, డిజైన్ ఎవరిదో చెప్తే చాలు. ఇంకొక జాగ్రత్త: భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు ఆ ప్రాంతంలో తయారైన వస్తువులకూ, ఆ పేరు వాడేందుకు నమోదైనవాళ్లకూ చెందినది. ఎక్కడో అల్లిన గుడ్డని నర్సాపురం లేసు అని అమ్మొద్దు, మీ ప్యాటర్న్ కొన్నవాళ్లకూ ఆ మాట చెప్పండి.

ధర, అమ్మకం

తెలిసినవాళ్లకు, తెలుగు రాష్ట్రాల్లో కొనేవాళ్లకు అన్నిటికన్నా సులువు యూపీఐ. డబ్బు అందగానే పీడీఎఫ్ వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపడం. ప్రతి కాపీ అడుగున కొన్నవాళ్ల పేరు వేసి పంపితే ఊరంతా పంచాలనే ఆలోచన కాస్త తగ్గుతుంది.

బయటి దేశాల వాళ్లకు రావెల్రీ మంచి చోటు. 2007లో మొదలైన ఈ వెబ్‌సైట్ అల్లికలవాళ్లదే, ప్యాటర్న్లు వెతుక్కోవడానికే జనం వస్తారు. అక్కడ డబ్బు ఎక్కువగా పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ద్వారా వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రమే తీసుకోగలం. డల్లాస్‌లోని చెల్లెలు పేపాల్‌తో కొనగలదు, భీమవరంలోని పిన్ని కొనలేదు. అందుకే రెండు దారులూ తెరిచి ఉంచాలి. పేపాల్ ఖాతాకు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, డబ్బు ఏ పనికి వస్తోందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు. చేతిపనులు అమ్మే వెబ్‌సైట్ ఎట్సీలో ఒక్కో ప్యాటర్న్ పెట్టడానికి 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడైనప్పుడు 6.5 శాతం కోత, పైన చెల్లింపు ఖర్చులు వేరు. ఎంత వచ్చినా ఒక షీటులో తేదీ, మొత్తం, కోత రాసుకోండి, ఆదాయపు పన్ను లెక్కకు కావాలి.

ఇంగ్లీషు ప్యాటర్న్లు ఎక్కువగా 4 నుంచి 8 డాలర్ల మధ్య కనిపిస్తాయి. బల్ల గుడ్డకి 4 డాలర్లు పెట్టొచ్చు. తెలుగు ప్రతికి 150 రూపాయలు నా దృష్టిలో న్యాయం. మొదటిదని ఉచితంగా ఇచ్చేయొద్దు. ఒకసారి ఉచితమైతే రెండోదానికి డబ్బడగడం కష్టం, పైగా మీరే మీ పనిని కాలక్షేపం అన్నట్టవుతుంది. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి రెండూ చేయండి. ఇంగ్లీషుది ఎక్కువ అమ్ముడవుతుంది. తెలుగుది, ఇన్నాళ్లూ వీడియో ఆపి ఆపి చూస్తూ కుట్లు లెక్కపెట్టుకున్నవాళ్లకు అందుతుంది.

ఒక్క ప్యాటర్న్‌కి ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే గుర్తింపు సంఖ్య) అక్కర్లేదు. పదీ పన్నెండు అయ్యాక పుస్తకంగా వేయాలనుకుంటే, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. ఆ పేరుతో ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు.

అమ్మాక

ఎంత పరీక్షించినా ఒక తప్పు మిగిలిపోతుంది. ఫైలు అడుగున కూర్పు సంఖ్య, తేదీ వేయండి: 1.0, తర్వాత 1.1. తప్పు తెలిసినరోజే దిద్ది, అప్పటిదాకా కొన్న అందరికీ కొత్త ఫైలు ఉచితంగా పంపండి, ఏ వరుస మారిందో ఒక లైనులో చెప్తూ. కొన్నవాళ్ల జాబితా అందుకే దాచుకోవాలి.

ఎవరైనా "19వ వరుస దగ్గర ఆగిపోయాను" అని రాస్తే, అంతా ప్యాటర్న్‌లోనే ఉంది కదా అని తిప్పికొట్టొద్దు. ఆ గుడ్డ ఫోటో అడగండి. చాలాసార్లు తప్పు 19లో ఉండదు, రెండు వరుసల కింద మలుపు చైన్‌లో ఉంటుంది. అక్కడిదాకా విప్పమని చెప్పి, ఆ వాక్యం పక్కన మీ నోటుపుస్తకంలో ఇంకో గీత పెట్టుకోండి.